ఆరో సీటు

"మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే మా వైపు వెంటనే జవాబు చెప్పరు. అడిగేది ఎవరో, ఎందుకో ముందు తేలాలి. జనాభా లెక్కల మనిషైతే ఆయన లెక్క వంటింటిని బట్టి. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక ఇల్లు. రేషన్ కార్డు గురించైతే పెళ్ళయిన కొడుకు వేరు, వాడి పొయ్యి వేరు. సచివాలయాల్లో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ వచ్చాక ఎవరి పేరు ఎవరి ఇంట్లో ఇరుక్కుందో తెలియక, 'స్ప్లిట్' చెయ్యండి బాబూ అని తిరిగి తిరిగి, ఇంగ్లీషు ముక్క రాని మా వీధి ముసలమ్మలు కూడా ఆ మాట నేర్చేసుకున్నారు. ఇన్‌కంటాక్సు వాళ్ళది ఇంకో దారి. హిందూ అవిభక్త కుటుంబమని పేరుపెట్టి, దానికో పాన్ కార్డిచ్చి, కుటుంబం మొత్తాన్ని ఒక్క మనిషి కింద జమకడతారు. పెళ్ళి భోజనాలకైతే లెక్కే లేదు, విస్తళ్ళు ఉన్నంతవరకూ అందరూ మనవాళ్ళే.

ఇన్ని లెక్కలకి అలవాటుపడ్డ మాకు సాఫ్ట్‌వేర్ కంపెనీల లెక్క మాత్రం మింగుడుపడలేదు. వాళ్ళ దృష్టిలో కుటుంబమంటే ఆరుగురు. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ ప్లాన్ ఆరుగురికి. గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో ఆరుగురు. యాపిల్‌లో ఆరుగురు. వీడియో గేములమ్మే స్టీమ్‌లోనూ ఆరుగురే. వీళ్ళంతా ఎక్కడ కూర్చుని తీర్మానించేరో గాని మా జిల్లావాళ్ళెవరినీ పిలిచినట్టు లేదు. పిలిచుంటే, "ఆడపడుచుల్ని లెక్కేసేరా?" అన్న మొదటి ప్రశ్నకే సభ రసాభాస అయ్యేది.

ఆరు సంఖ్యతో ఎలాగో సర్దుకుపోవచ్చు. కొన్ని ప్లాన్లలో ఇంకో షరతుంది: ఆ ఆరుగురూ ఒకే ఇంట్లో ఉండాలట. యూట్యూబ్ ప్రీమియం అదే అంటుంది, స్పాటిఫై అదే అంటుంది. అయ్యా, శ్రీకాకుళం కుటుంబం ఒకే కప్పు కింద ఎప్పుడుంది? తాతల కాలంలో రంగం వెళ్ళేరు. బర్మాలోని రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. ఆ తరవాత రైల్వే కొలువుకి ఖరగ్‌పూర్ వెళ్ళేరు. తీరమ్మట ఊళ్ళలో మగవాళ్ళు గుజరాత్ వెరావల్ వెళ్ళి నెలల తరబడి బోట్ల మీద ఉంటారు. మిగిలినవాళ్ళకి హైదరాబాద్, చెన్నై, బెంగుళూరు ఉండనే ఉన్నాయి. అంతెందుకు, శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న మా రైల్వేస్టేషనే శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. స్టేషనే ఇంటిపట్టున లేని ఊళ్ళో మనుషులుంటారా?

మా ఇంట్లోకి డబ్బిచ్చి కొన్న మొదటి సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010, హోమ్ అండ్ స్టూడెంట్ రకం. అంతకుముందు అలాంటివి కొనాలని ఎవరికీ తోచలేదు. పెసరట్టుతోపాటు అల్లం పచ్చడి వచ్చినట్టు కంప్యూటర్‌తోపాటు అన్నీ వచ్చేవి. ఈ డబ్బా మీద మాత్రం మూడు కంప్యూటర్లలో వేసుకోవచ్చని రాసుంది. ఒకటి మా ఇంట్లో, ఒకటి తమ్ముడింట్లో. మూడోది విజయనగరంలో ఉన్న మా అక్కకి, మా వైపు మాటలో అప్పకి, ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. మూడు కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉండాలి, ఆ ఇంట్లో కాపురముండేవాళ్ళే వాడుకోవాలి అని లోపలి కాగితంలో ఉంది.

ఇలాంటివి తేల్చడానికి మాకు చిన్నాన్న ఉన్నాడు. కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరయ్యాడు. ఆయన దగ్గర ప్రతి ఇంటి గొడవకీ ఒక సెక్షన్ ఉంటుంది. కాగితం ఆ చివర్నుంచి ఈ చివరికి చదివి, కళ్ళద్దాలు తీసి, తీర్పు చెప్పాడు.

"ఎన్టీ రామారావు 1986లోనే చట్టం చేసీసినాడురా, ఆడపిల్లకి ఆస్తిలో సమాన వాటా అని. ఢిల్లీవోళ్ళకి ఆ బుద్ధి 2005కి గానీ రాలేదు. పొలంలో వాటా ఉన్నదానికి ఆఫీసులో నేదంటే ఎలాగ?"

అప్పకి మూడో వాటా ఖాయమైంది. ఇక ఆ ఇరవై అయిదు అక్షరాల కీ ఫోన్లో చెప్పాలి. బి అంటే డి అని, టి అంటే పి అని వినబడే రోజులు. అందుకని ఊళ్ళపేర్లతో మొదలుపెట్టేను.

"రాసుకో అప్పా. బి ఫర్ బొబ్బిలి."

"బొబ్బిలి. రాసీసినాను."

"టి ఫర్ టెక్కలి."

"ఆఁ."

"సి ఫర్ చీపురుపల్లి. పి ఫర్ పాలకొండ."

"ఒరే, పాలకొండంటే గుర్తొచ్చింది. ఆ సంబంధం ఏటయిందిరా? పిల్ల బాగుందన్నారు కదా?"

"తరవాత చెప్తానప్పా. వి ఫర్ వీరఘట్టం."

"వీరఘట్టం."

"డబ్ల్యూ."

"డబ్ల్యూకి ఏ ఊరు?"

నాకు తట్టలేదు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా మనసులో ఒక చుట్టు తిరిగొచ్చినా డబ్ల్యూతో మొదలయ్యే ఊరు ఒక్కటీ దొరకలేదు. "రెండు వీరఘట్టాలు పక్కపక్కన" అన్నాను. ఆవిడ నిజంగానే రెండు వీలు రాసింది. క్యూ దగ్గర రేషన్ షాపు ముందుండే క్యూ అన్నాను, అది మాత్రం వెంటనే అర్థమైంది. వైకి ఎలమంచిలి అంటే, "అది ఇ కదరా" అంది. ఆ ఊరిని ఇతో రాసేవాళ్ళూ ఉన్నారు, వైతో రాసేవాళ్ళూ ఉన్నారు. ఆ చర్చ కాసేపు నడిచింది. జలుమూరు దగ్గర అక్కడ మనకెవరున్నారని ఆరా తీసింది. చివరికి లెక్కపెడితే ఇరవై ఏడు అక్షరాలు వచ్చేయి. ఒక వి ఎక్కువ. రెండోది చీపురుపల్లి తెచ్చిన తంటా, సి పక్కన శ్రద్ధగా హెచ్ కూడా పెట్టింది.

ఆ కీల తయారీలో ఒక తమాషా ఉంది. అప్పట్లో మైక్రోసాఫ్ట్ కీలలో వాడేవి ఇరవై నాలుగు గుర్తులే. సున్నాకీ ఓకీ, ఒకటికీ ఐకీ, అయిదుకీ ఎస్‌కీ జనం తికమక పడకుండా కొన్నిటిని మొత్తంగా తీసేశారు. అలా పోయినవాటిలో ఎస్ ఉంది. అంటే శ్రీకాకుళం, సాలూరు, సోంపేట ఏ కీలోనూ ఉండవు. ఏ పోయింది గనక ఆమదాలవలస లేదు. ఐతో ఇచ్ఛాపురం, ఎన్‌తో నరసన్నపేట, నెల్లిమర్ల పోయేయి. ఎల్‌తో లావేరు కూడా. ఇంత జాగ్రత్తపడ్డ పెద్దమనుషులు వి, డబ్ల్యూ రెండిటినీ పక్కపక్కనే ఉంచేరు. వీటిని ఒక తమ్ముడు తన అప్పకి ఫోన్లో చదువుతాడని వాళ్ళు ఊహించలేదు.

2013 వచ్చేసరికి అదే రకం డబ్బా ఒక్క కంప్యూటర్‌కే అన్నారు. చిన్నాన్న చట్టం ఢిల్లీకి చేరిందిగాని మైక్రోసాఫ్ట్ వాళ్ళుండే రెడ్మండ్ చేరలేదు.

కీలు మాటలతో పోతాయి. తమ్ముడి గొడవ చేత్తో పట్టుకునేది. వాడికి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర డీటీపీ సెంటరుంది. వాడి బావమరిదికి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఇంకొకటి. ఇద్దరూ చెరిసగం వేసుకుని ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. దానికో డాంగిల్, మావాళ్ళ మాటలో 'లాక్'. కంప్యూటర్ వెనక గుచ్చితేనే తెలుగు అక్షరం పడుతుంది. ప్రోగ్రాము రెండు చోట్లా వేసుకోవచ్చు, లాక్ మాత్రం ఒక్కటే. అది ఎక్కడుంటే తెలుగు అక్కడుంటుంది.

ఆ లాక్ అగ్గిపెట్టెలో పడుకుని, దారం చుట్టించుకుని, విజయనగరం బస్సు డ్రైవరు జేబులో తిరిగేది. ఉదయం శ్రీకాకుళం, మధ్యాహ్నం విజయనగరం. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. మాఘమాసం వచ్చిందంటే మాత్రం రెండు ఊళ్ళలోనూ ఒకేసారి పెళ్ళిళ్ళు, శుభలేఖలు. పెళ్ళికూతురి పేరులో దీర్ఘం పోయిందని ఆడపెళ్ళివారు వచ్చి కూర్చుంటే, ఆ దీర్ఘం పెట్టడానికి లాక్ కావాలి, లాక్ దారిలో ఉంటుంది. తమ్ముడు వాళ్ళకి టీ తెప్పించి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, గంటగంటకీ ప్రకటన చేసేవాడు. "చిలకపాలెం దాటిందటండి. ఇంకెంతసేపు, వచ్చెస్తాది." బల్లల మీద కూర్చున్నవాళ్ళకి ఏం వస్తోందో తెలియదు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని కండువాలు సర్దుకునేవారు.

ఇదంతా చూస్తే నాకొకటి తోచింది. ఆ అగ్గిపెట్టె ఏర్పాటులో తప్పుపట్టడానికేమీ లేదు. ఒకేసారి ఇద్దరు వాడలేదు, ఒకరి తరవాత ఒకరు వాడుకున్నారు. 1980ల్లో అమెరికాలో బోర్లాండ్ అనే కంపెనీ టర్బో పాస్కల్‌ని 49 డాలర్ల 95 సెంట్లకి అమ్ముతూ సరిగ్గా ఇలాంటి లైసెన్సే రాసింది. సాఫ్ట్‌వేర్‌ని పుస్తకం కింద చూడండన్నారు. ఎంతమందైనా వాడొచ్చు, ఎన్ని మెషిన్లకైనా మార్చొచ్చు, ఒకే సమయంలో రెండు చోట్ల వాడే అవకాశం మాత్రం ఉండకూడదు. పుస్తకాన్ని ఇద్దరు రెండు ఊళ్ళలో ఒకేసారి చదవలేరు కదా. దానికి 'నో నాన్సెన్స్' లైసెన్సని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ వాక్యాలు రాసిన లాయరు ఎవరోగాని, మా డ్రైవరు జేబు చూస్తే మురిసిపోయేవాడు.

పుస్తకమంటే గుర్తొచ్చింది. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య కృతే. ఈ సంగతి చిన్నాన్న చెప్పినరోజు నేను నమ్మలేదు. చూపించేడు. అంటే పలాసలో జీడిపప్పు లెక్కలు చూసే ట్యాలీ, కథకుడు కారా మాస్టారి 'యజ్ఞం', చట్టం ముందు ఒక బల్ల మీద కూర్చున్న అన్నదమ్ములు. అందులో ఒకడి సంగతి వేరు. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టేరు. తెలుగు కథలన్నీ ఒక గూటికి చేర్చి, కావలసినవాళ్ళు వచ్చి చదువుకోండన్నారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి చదువుకుంటున్నారు. రెండో సోదరుడి కోసం అలాంటి నిలయం పెడదామని ఎవరైనా బయల్దేరితే ప్రారంభోత్సవానికి వచ్చేది పోలీసులే.

శిక్ష గురించి కూడా చిన్నాన్నే చెప్పాడు. నకిలీ కాపీ అని తెలిసి ప్రోగ్రాము వాడితే సెక్షన్ 63బి. ఏడు రోజులకి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, యాభై వేలకి తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. అయితే వ్యాపారానికో లాభానికో కాకుండా వాడుకున్నట్టయితే జైలు తీసేసి యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకుంది.

"అంటే ఇంట్లోవోళ్ళకి కన్సెషన్ ఉందన్నమాటే" అన్నాడు తృప్తిగా. ఆయనకి ఏ చట్టంలోనైనా కన్సెషన్ కనబడితే ఆ పూట భోజనం బాగా దిగుతుంది.

ఇప్పుడు డబ్బాలు లేవు, లాకులు తగ్గిపోయేయి. ఏదీ కొనడం లేదు, ఏడాదికోసారి అద్దె కట్టడమే. అద్దెకొచ్చేసరికి ఇంటాయన చూపు ఎలా మారుతుందో మనకి తెలుసు. నెట్‌ఫ్లిక్స్ 2017లో ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమేనని ట్విట్టర్లో ముద్దుగా రాసుకుంది. ఆరేళ్ళు తిరిగేసరికి ప్రేమ తగ్గింది. 2023 జులైలో మన దేశంలో కూడా ఒక అకౌంటు ఒక ఇంటివాళ్ళకే, బయటివాళ్ళు చూస్తే కుదరదు అని ఉత్తరాలు పంపింది. గురజాడ నాటకంలోని విజయనగరం గిరీశం ఇప్పుడుంటే ఆ ఉత్తరం చదివి ఎంత బాధపడేవాడో. ఒక్క రూపాయి కట్టకుండా ఊళ్ళో అందరి పాస్‌వర్డ్‌లూ వాడి, పైగా సినిమాల మీద వాళ్ళకే లెక్చరిచ్చి ఉండేవాడు.

మా కుటుంబం ప్లాన్‌లోకి దిగింది మాత్రం ఫోటోల వల్ల. అందరి ఫోన్లూ నిండిపోయేయి. ఒక కంపెనీ, పేరెందుకులెండి, ఆరుగురికి ఒక ఫ్యామిలీ ప్లాన్ చూపించింది. కార్డు నాది గనక 'ఫ్యామిలీ మేనేజర్' అని నా పేరు పక్కన పడింది. అది చూసి మా ఆవిడ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి, "మేనేజరు గారూ, గ్యాస్ బుక్ చేసేరా?" అంది.

ఆరు పేర్లు రాయాలి. నేను, మా ఆవిడ, కొడుకు, కూతురు, తమ్ముడు, అప్ప. సరిగ్గా ఆరు. ఇంత తేలిగ్గా తేలిందేమిటా అనుకుంటుండగా మా ఆవిడ, "నాకెందుకండీ, నా ఫోటోలు నేను చూసుకుంటానా ఏటి? నా సీటు ఇచ్చెస్తాను" అంది. త్యాగమనుకున్నాను. చిన్నాన్నకిద్దామన్నాను. "సీటు నాది. ఎవరికివ్వాలో నేను చెప్తాను. బొబ్బిలిలో మా అన్నయ్యకివ్వండి" అంది. నామినేషన్ల ఉపసంహరణ రోజున మాత్రమే కనబడే రాజకీయం అది.

చిన్నాన్నకి సంగతి చెప్పేను. "ఇంటికి ఆరుగురేనేటి? ఆ కంపెనీవోడికి చుట్టాలు నేరేటి?" అని ఆశ్చర్యపోయి, తనకి సీటు అక్కర్లేదన్నాడు. ఆయన ఫోటోలన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి, అవి 1962 నుంచి ఒక్కసారి కూడా లాగౌట్ అవలేదు.

తరవాత అడ్రసు. ఆరుగురూ ఒకే అడ్రసు రాయాలి. మాది 532తో మొదలయ్యే పిన్ కోడ్, అప్పది 535. బావగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. జీవితంలో అబద్ధం రాయలేదు, ఇప్పుడు రాయనన్నారు. అబద్ధం సంగతి అలా ఉంచి, విజయనగరంవాడు తన ఊరు శ్రీకాకుళమని ఎలా రాస్తాడన్నది ఆయన అసలు బాధ. గంటస్తంభం, కోట, అయ్యకోనేరు వరసగా చెప్పి, ఇవన్నీ ఉన్నవాడు అలా రాస్తే నవ్వుతారన్నారు. అదే మా బావమరిది ఒక్క క్షణం తటపటాయించలేదు. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ ఒకటిన. అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోదే. "నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే బావా, పాత లెక్క ప్రకారం రాసీసినాను" అన్నాడు. ఈ వాదనకి చిన్నాన్న కూడా చప్పట్లు కొట్టాడు. అప్ప సంగతి అప్పే చూసుకుంది. బావగారు మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆయన ఫోన్ తీసి పుట్టింటి అడ్రసు కొట్టేసింది. నలభై ఏళ్ళ కాపురంలో పుట్టింటి డోరు నంబరు మర్చిపోని ఆడదాన్ని ఏ కంపెనీ ఆపుతుంది?

ఆ తరవాత నా ఉద్యోగం ఓటీపీలు మోయడం. అప్ప ఫోన్లో ఏది లాగౌట్ అయినా కోడ్ నాకొస్తుంది. నేను స్నానానికి వెళ్ళిన సమయం చూసి వస్తుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు, మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి, సిరిమాను ఇంకా కదలకముందే ఫోన్ చేసి, "వీడియో ఎక్కట్లేదురా, నంబరు సెప్పు, నంబరు సెప్పు" అంటే, ఇక్కడ నేను సబ్బు కళ్ళతో ఆరంకెలు చదవాలి. అటు డప్పుల హోరులో ఆవిడకి తొమ్మిది ఆరైంది. రెండో కోడ్ వచ్చేసరికి సిరిమాను ఒక తిరుగు తిరిగింది.

అసలు దెబ్బ కూతురి పెళ్ళి తరవాత తగిలింది. ప్లాన్ రూలు ప్రకారం ఒక మనిషి ఒక కుటుంబంలోనే ఉండాలి. ఇందులోంచి అందులోకి మారితే మళ్ళీ పన్నెండు నెలల దాకా కదలకూడదు. అమ్మాయి హైదరాబాద్ వెళ్ళిన పది పదిహేను రోజులకి ఒక మధ్యాహ్నం మెయిలొచ్చింది: ఫలానా వారు మీ కుటుంబం నుంచి వెళ్ళిపోయారు. కింద సన్నటి అక్షరాల్లో, ఖాళీ అయిన స్థానంలో ఇంకొకరిని ఆహ్వానించుకోవచ్చునని సలహా. అప్పగింతలప్పుడు పెళ్ళివారి కాఫీల గొడవలో పడి ఏడవడానికి తీరిక లేకపోయిన మా ఆవిడ, ఆ మెయిలు చూసి ఏడ్చింది. "వెళ్ళిపోయిందని వాళ్ళెవరండీ చెప్పడానికి?" అంటుంది. నేను మేనేజర్ని గనక నన్నే జవాబు చెప్పమంటుంది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. అత్తారింటివాళ్ళకీ అదే ప్లాన్ ఉందట, వాళ్ళే చేర్చుకున్నారట. పక్కనుంచి అల్లుడు అందుకున్నాడు. "మావయ్య గారూ, మా ప్లాన్‌లో ఇంకో సీటు ఖాళీగా ఉందండి. మీరొచ్చేస్తే మీకు ఖర్చు కలిసొస్తుంది." మంచి కుర్రాడు, మనసులో ఏమీ లేదు. కానీ పిల్లనిచ్చినవాడు వెళ్ళి వియ్యంకుడి ప్లాన్‌లో కూర్చోవడమా? ఆయన మేనేజరు, నేను మెంబర్నా? రేపు ఆయన ఓటీపీ చెప్తే నేను రాసుకోవాలా? "ఫరవాలేదు బాబూ, ఇక్కడ బాగానే ఉంది" అని ఫోన్ పెట్టేశాను. ఖాళీ సీటు కోసం మర్నాటికల్లా తమ్ముడి బావమరిది, మేడ మీద అద్దెకున్నాయన, మా ఆవిడ చిన్నాన్న కొడుకు దరఖాస్తు పెట్టేరు. ముగ్గురూ ఒకే మాటన్నారు: "మనం వేరా?"

ఈ గొడవలేవీ లేని సాఫ్ట్‌వేర్ కూడా ఒకటుందని మా మేనల్లుడు చెప్పాడు. వాడు బెంగుళూరులో పనిచేస్తాడు, అప్ప కొడుకు. తమ్ముడి కూతురి పెళ్ళికి శుభలేఖ తనే చేస్తానని లాప్‌టాప్ తెచ్చి తమ్ముడి షాపులోనే కూర్చున్నాడు. తమ్ముడింకా పేజ్‌మేకర్ 7లోనే ఉన్నాడు. అది 2001లో వచ్చింది, యూనికోడ్ తెలుగు దానికి తెలియదు. మేనల్లుడు లిబ్రే ఆఫీస్ తెరిచి ఫాంట్ల జాబితా దించేడు. అందులో జి దగ్గర గిడుగు అని ఒకటి, ఆ కిందే గురజాడ అని ఇంకొకటి.

సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన తెలుగు ఫాంట్లవి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు మీద ఇచ్చేరు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, అచ్చుపనికి వాడుకుని డబ్బు చేసుకోవచ్చు, కావాలంటే విప్పి మార్పులు చేసుకోవచ్చు. ఫాంటునే విడిగా సరుకు కింద అమ్మకూడదు, అంతే. ఆరుగురన్న లెక్క లేదు, అడ్రసు అడగరు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో మా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టేరు. గురజాడతో కలిసి విజయనగరం మహారాజా వారి బళ్ళో చదువుకున్నారు. జనం మాట్లాడే తెలుగు ఏ పండితుడి తాళంచెవి కిందా ఉండకూడదని ఇద్దరూ జన్మంతా పోట్లాడేరు. ఆ పేర్లు లాక్ లేని అక్షరాలకి పెట్టినవాళ్ళు తెలిసే పెట్టేరో, ఇంగ్లీషు అక్షరక్రమం పుణ్యమా అని కలిసొచ్చిందో గాని, ఒకే తరగతి కుర్రాళ్ళు మళ్ళీ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు.

తమ్ముడు మాత్రం కుర్చీ జరుపుకుని తెరని అనుమానంగా చూశాడు.

"దీని లాక్ ఏదిరా?"

"లాక్ లేదు మావయ్యా."

"మరి డబ్బులెవరికి కట్టాలి?"

"ఎవరికీ అక్కర్లేదు. మీ బావమరిదిక్కూడా పంపీయొచ్చు, ఇప్పుడే."

"ఊరికే వచ్చిందంటే పార్టీ నమ్ముతాడేట్రా? పెళ్ళి కార్డు కదా."

రెండు రోజులు ఆలోచించేడు. మూడోనాడు నేను అటుగా వెళ్తే షాపు గోడమీద కొత్త కాగితం అంటించి ఉంది. మామూలు అక్షరాలు పాత రేటే. గిడుగు అక్షరాలకి నలభై రూపాయలు అదనం, గురజాడకి యాభై. నేను లోపలికి వెళ్ళేసరికి నరసన్నపేట నుంచి వచ్చిన పార్టీ ఒకాయన ఆ కాగితం చదివి, గురజాడకి పది రూపాయలు ఎందుకెక్కువని అడుగుతున్నాడు.

"ఆయన నాటకం కూడా రాసేడు కదండీ" అన్నాడు తమ్ముడు, రసీదు పుస్తకం తీస్తూ. "ఖర్చుంటాది."